దాచిన పానా

జొన్నల డబ్బాలో లేదు. బియ్యం సంచి వెనక లేదు. గౌస్ పాషా మోకాళ్ల మీద వంగి ట్రంకుపెట్టె సందులోకి చెయ్యి పోనిచ్చి తడిమాడు. బూజు చేతికంటింది గాని పానా తగల్లేదు.

మున్నీబీ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. మొగుడు ఇల్లంతా గాలిస్తున్నా తల ఎత్తలేదు. నవ్వు మొహంలో లేదు గాని, రొట్టె తట్టే చేతుల్లో ఉంది.

చివరికి దొరికింది. పోయిన రంజాన్‌కు కుట్టించిన పరదాల మూటలో, మధ్య మడతలో. చక్రాల నట్లు విప్పే వీల్‌పానా అది. మూరెడు పొడుగు. పట్టుకునే చోట అరిగి అరిగి తెల్లగా తేలింది.

"పరదాలకు నూనె మరకలైతే నన్ననొద్దు" అన్నాడు.

"నూనె మరక ఉతికితే పోతది. డాక్టర్ చెప్పిన మాట ఏమైంది?"

డాక్టర్ చెప్పిన మాట బరువులు ఎత్తవద్దని. రెండు ఎండాకాలాల కిందట కర్నూలులో గుండెకు స్టెంట్ వేశారు. బరువులు ఎత్తకుండా టైర్ల షెడ్డు ఎలా నడపాలో మాత్రం ఆ డాక్టర్ చెప్పలేదు. అప్పటినుంచి మున్నీబీ రోజూ రాత్రి పానా దాచేది, రోజూ పొద్దున గౌస్ పాషా వెతికేవాడు. దాచడం ఆమె హక్కు, వెతకడం ఆయన హక్కు. వెతికినంతసేపైనా బరువు ఎత్తడు కదా అని ఆమె లెక్క. ఆ ఇంట్లో పోట్లాట అంటే అంతే. మాటలు ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు, తిట్లకు మాత్రం రెండూ.

గద్వాలలో సాలెవాళ్ల గల్లీ రాయచూరు రోడ్డులో కలిసే చోట వాళ్ల ఇల్లు. ఇంటి గడప దిగితే షెడ్డే. అక్కడ తిరుపతి అనే కుర్రాడి పికప్పు బండి నాలుగు చక్రాలూ ఊడదీసుకుని చెక్కమొద్దుల మీద నిలబడి ఉంది. పక్కన పెద్దమందడి నుంచి తెచ్చిన పాత జీపు చక్రాలు. తుక్కుకు పోయిన జీపు అది. చక్రాలు మాత్రం రాయిలా ఉన్నాయి. వాటి పక్కన పికప్పు చక్రాలు తల్లి పక్కన పిల్లల్లా చిన్నబోతున్నాయి.

తిరుపతిది వడ్డేపల్లి దాటి లోపలికి పోయే ఊరు. వాన పడిందంటే ఊరికీ తారు రోడ్డుకూ మధ్య ఉన్న నల్లరేగడి బాట జిగటపడి బండిని కడుపు దాకా మింగుతుంది. తిరుపతి తల్లి ఈదమ్మకు కిడ్నీలు పాడైపోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు గద్వాల దవాఖానలో రక్తం కడిగే మిషన్ మీద పడుకోవాలి. పది రోజుల కిందట శుక్రవారం బండి ఆ రేగడిలో దిగబడి, ట్రాక్టర్ దొరికి బయటకు లాగేసరికి సాయంత్రమైంది. ఒక్కసారి మిషన్ తప్పినందుకే ముసలామె ఒళ్లంతా వాచి, ఆదివారం నాటికి గాలి ఆడక గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంకోసారి తప్పితే మా చేతుల్లో ఉండదని నర్సు ముఖం మీదే చెప్పేసింది. శ్రావణం ఇంకా మొదట్లోనే ఉంది. మబ్బు రోజూ దిగుతోంది.

బండి ఎత్తు పెరగాలంటే పెద్ద చక్రాలే దారి. తిరుపతి రెండు మూడు షెడ్లు తిరిగాడు. పట్టవు అన్నాడొకడు. పట్టినా రాసుకుని టైరు చిరుగుతుంది, నాకెందుకీ గోస అన్నాడు ఇంకొకడు. గౌస్ పాషా చక్రం చుట్టూ ఒకసారి తిరిగి, నట్లు పట్టే రంధ్రాలు లెక్కబెట్టి, "పట్టకుంటే పట్టిస్త" అన్నాడు. ఆ మాట విని మున్నీబీ లోపల గిన్నె గట్టిగా పెట్టింది.

రంధ్రాలు ఐదూ కలిశాయి. నడిమి రంధ్రం మాత్రం ఇరుకు. నిన్ననే గౌస్ పాషా లేత్ మిషన్ నడిపే జోసెఫ్ దగ్గర దాన్ని కోయించి పెద్దది చేయించి పెట్టాడు. ఇవాళ సోమవారం. పొద్దున తల్లిని దవాఖానలో దింపి తిరుపతి బండి అప్పగించాడు. మధ్యాహ్నానికి ఆమె మిషన్ అయిపోతుంది. రాత్రి వాన ముదరకముందే ఊరు చేరాలి.

గౌస్ పాషా చక్రాన్ని చేతులతో ఎత్తలేదు. టైరు కింద గడ్డపార దూర్చి, పాదంతో తొక్కి, చక్రం పైకి లేవగానే బోల్టుల మీదికి తోశాడు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే. అయినా మొదటి చక్రానికే బనియన్ తడిసింది. రెండోదానికి కళ్లు మూసుకుని కాసేపు బండికి ఆనుకున్నాడు. తిరుపతి ముందుకొస్తే, "నువ్వు పట్టుకుంటే నా పని నాకు ఆగమైతది, జర దూరం జరుగు అల్లుడా" అన్నాడు.

ఆయన ఊళ్లో వాళ్లందరి బండ్లకూ చక్రాలు బిగించినవాడు. పెళ్లి కార్లకు, చెరకు ట్రాక్టర్లకు, పీరీల ఊరేగింపు బండికి, ఒకసారి అర్ధాంతరంగా ఆగిన శవం బండికి కూడా. తనకంటూ ఎన్నడూ నాలుగు చక్రాల బండి లేదు. కూతురు హీనాను లింగాల ఊరికి కోడలిగా ఇచ్చినప్పుడు కూడా బస్సులోనే వెళ్లివచ్చాడు. దానికి ఎన్నడూ బాధపడలేదు కూడా. బండి ఉన్నవాడు బండిని చూసుకోవాలి, నాకు అందరి బండ్లూ ఉన్నయి అనేవాడు.

మధ్యాహ్నం ఈదమ్మ ఆటోలో వచ్చి దిగింది. సూదులు గుచ్చిన చేతికి తెల్లగుడ్డ కట్టి ఉంది. ఊడదీసిన పాత చక్రం మీద, తన ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది.

"ఏం తమ్మీ, నా రథం అయిందా?"

"అయితుంది అక్కా. నీ రక్తం కడిగిండ్రా?"

"కడిగిండ్రు. నా నోరొక్కటి కడగలేకపోతున్నరు." చేయి ఒళ్లో పెట్టుకుంది. "నీకు బరువులు ఎత్తొద్దన్నరంట. నాకు నీళ్లు తాగొద్దన్నరు. ఉప్పు వద్దన్నరు, పండు వద్దన్నరు. ఇగ బతుకుమని మాత్రం ఎందుకంటరో తెల్వదు."

"నా గుండెల కూడ బండికి బరువాపే కమాన్ పట్టీ లెక్క ఒకటి ఏసిండ్రు అక్కా. బరువు ఎత్తకుంటే అది తుప్పు పట్టదా?"

గడపలో నిలబడ్డ మున్నీబీ ఆ మాట వింది. ఇద్దరు మొండివాళ్లు ఒకచోట చేరినప్పుడు మాట్లాడటం దండగ అని ఆమెకు తెలుసు.

"పోలీసోళ్లు ఆపితే ఏమంటవురా? పెద్ద చక్రాలు ఎందుకేసినవంటే?" అని కొడుకును అడిగింది ఈదమ్మ. "నన్ను చూపియ్యి. ఈ రేగడిల ఈమెను నువ్వు మోస్తవా అని అడుగు" అంది.

నాలుగు చక్రాలూ ఎక్కాయి. బండి మోకాళ్లు నిటారు చేసుకున్నట్టు లేచి నిలబడింది. ముందు చక్రాలను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పితే మడ్‌గార్డు అంచుకు రాసుకున్నాయి. ఆ అంచును సుత్తితో లోపలికి మడిచాడు. మళ్లీ తిప్పించాడు. రాసుకోలేదు. రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెమ్మన్నాడు. బండి చప్పుడు లేకుండా వెళ్లి వచ్చింది. గౌస్ పాషా చేతులు గుడ్డతో తుడుచుకుని, "ఇగ పోండి. మబ్బు పట్టింది" అన్నాడు.

"ఖాళీ బండిని చూసి పోండి అంటున్నవా?" అంది మున్నీబీ గడపలోంచి. "సామాను ఎక్కినంక, మనుషులు ఎక్కినంక బండి కూసుంటది. అప్పుడు ఏమైతదో చూసినవా? పెళ్లి కాకముందు పిల్లగాడు అందరికీ మంచిగనే కనబడ్తడు."

ఈదమ్మ పకపకా నవ్వింది. గౌస్ పాషాకు కోపం రావలసింది, రాలేదు. నిజమే. తిరుపతి వారానికి నాలుగు రోజులు ఎరువు బస్తాలు వేస్తాడు. వెనక కమాన్ పట్టీలు వంగితే తొట్టి చక్రం మీదికి దిగుతుంది. ఖాళీ బండితో సరిపెట్టుకోవడం పొద్దున నుంచీ ఒళ్లు దాచుకోని పనివాడు చెయ్యాల్సిన తప్పు కాదు. అలిసిపోయాడు, అంతే.

"జమ్ములమ్మా" అని పక్కింటికి కేక వేసింది మున్నీబీ. "ముగ్గుపిండి ఇంత తే. మీ ఇంట్ల, ఆ పక్కింట్ల ఎంతమంది మగ్గం మీదున్నరో అందర్నీ రమ్మను. జర బండి ఎక్కాలె."

ముగ్గుపిండిని నీళ్లతో కలిపి గౌస్ పాషా వెనక చక్రాలపైన, మడ్‌గార్డుల లోపల పూశాడు. నాలుగు వేళ్లతో గోడకు సున్నం పూసినట్టు. చక్రం ఎక్కడ తగిలితే అక్కడి పిండి టైరుకు అంటుతుంది. అబద్ధం చెప్పని సాక్షి అది. మగ్గాలు ఆగాయి. జమ్ములమ్మ, ఆమె అత్త, మొగుడు శ్రీరాములు, ఇంకో నలుగురైదుగురు, అంచు దారాలు చేతుల్లో పట్టుకునే వచ్చి తొట్టిలో ఎక్కారు. యాడికన్నా అని ఒకరు, మంత్రాలయం అని ఇంకొకరు. బండి నిజంగానే కూర్చుంది. రోడ్డు మీది గతుకుల్లో రెండుసార్లు ఎగరేసి తిరుపతి వెనక్కి తెచ్చాడు.

ఎడమ వెనక టైరు మీద తెల్లటి గీత. వేలెడంత, సూటిగా, కత్తితో గీసినట్టు.

గౌస్ పాషా బండి కిందికి దూరాడు. తొట్టి రేకును బిగించిన బోల్టు ఒకటి రెండంగుళాలు కిందికి వేలాడుతోంది. కొన పదునుగా ఉంది. ఇదే నిండు బండితో రేగడి మధ్యలో పడితే, టైరు చీలేది. ఈదమ్మ బండిలో ఉండేది. ట్రాక్టర్ కోసం పరుగులు, చీకటి, వాన. ఆయన దాన్ని తలుచుకోలేదు. రంపం తెమ్మన్నాడు.

వెల్లకిలా పడుకుని, చేతులు పైకెత్తి బోల్టు కొన కోశాడు. ఇనుపరజను కళ్లలో పడుతోంది. సగం కోసేసరికి ఎడమ భుజం కింద పట్టినట్టయింది. రంపం ఆగింది. మున్నీబీ గడప దిగి వచ్చి వంగి చూసింది.

"తిరుపతిని కొయ్యమను."

"సగం కోసిన. సగం పని ఎవరికియ్యాలె?"

ఆమె నీళ్ల చెంబు బండి కింద పెట్టి పక్కనే కూర్చుంది. కొన తెగి టప్పున కింద పడే దాకా అక్కడినుంచి కదలలేదు. మళ్లీ పిండి పూశాడు. మళ్లీ అందరూ ఎక్కారు. ఈసారి టైరు నల్లగానే తిరిగి వచ్చింది.

బయల్దేరేముందు పానాతో నట్లన్నీ ఒక చుట్టు బిగించి, "కొత్త చక్రాలు. తిరిగితే నట్లు వదులైతయి. ఎల్లుండి దవాఖానకు వచ్చేటప్పుడు ముందు నా తానకు రావాలె. ఇంకోడి చెయ్యి పడొద్దు" అన్నాడు తిరుపతితో. ఈదమ్మ ముందు సీటులోంచి, "పాత చక్రం నా కోసం ఆడనే ఉంచు తమ్మీ, ఎల్లుండి కూసుంట" అంది. పాత చక్రాలు తర్వాత తీసుకెళ్తానని తిరుపతి షెడ్డులోనే వదిలాడు.

చీకటి పడ్డాక తిరుపతి ఫోన్ చేశాడు. వాన దంచుతోందట. బండి రేగడిలో ఒక్కచోట కూడా ఆగలేదట. గౌస్ పాషా ఫోన్ మున్నీబీ చేతికిచ్చి, "విను, నువ్వే విను" అన్నాడు. ఆమె విని, ఆయన గిన్నెలో ఇంకో గంటెడు పప్పు వేసింది.

ఆ రాత్రి పానాను ఎక్కడ దాచాలో ఆమెకు తోచలేదు. డబ్బాలు, సంచులు, మూటలు అన్నీ ఆయనకు తెలిసిపోయాయి. కడకు ఆయన నమాజు చేసుకుంటుండగా ఆయన పరుపు కిందే, తలాపున పెట్టింది. తన తల కింద ఎవడు వెతుక్కుంటాడు అనుకుంది.

తెల్లవారి అజాన్‌కు గౌస్ పాషా లేవలేదు. మున్నీబీ తట్టి లేపబోతే ఆయన చెయ్యి చల్లగా తగిలింది. ముఖం మామూలుగానే ఉంది. ఆయన ఒంటిని కడగడానికి తీసుకెళ్లి పరుపు ఎత్తినప్పుడు, పానా కింద పడి చప్పుడైంది. ఎవరికీ అర్థం కాలేదు. మున్నీబీ దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది.

బుధవారం పొద్దున పికప్పు వచ్చి ఆగింది. చక్రాలు రేగడితో నిండి ఉన్నాయి, బండి కడుపుకు మాత్రం ఒక్క చుక్క బురద లేదు. గడప ముందు అన్ని జతల చెప్పులు చూసి తిరుపతి ఇంజన్ ఆపేశాడు. ఈదమ్మ దిగి, జమ్ములమ్మ చెప్పింది విని, పాత చక్రం వైపు చూసింది. కూర్చోలేదు.

"పోదాం పా బిడ్డా. నట్లు ఇంకో కాడ చూపిద్దాం" అంది.

"ఆగుండ్రి" అంది మున్నీబీ లోపలినుంచి.

చావుకు వచ్చిన ఆడబిడ్డ ఆమె చెయ్యి పట్టుకుంది. "మొగుడు పోయి ఇద్దత్‌ల ఉన్నవు. నాలుగు నెలల పది దినాలు గడప దాటొద్దు. తెల్వదా నీకు?"

"తెలుసు. దాటను." మున్నీబీ చెయ్యి విడిపించుకుంది. "బండినే గడప కాడికి తెమ్మను. ఆయన ఎల్లుండి రమ్మన్నడు. వాళ్లు వచ్చిండ్రు."

తిరుపతి బండిని షెడ్డులోకి తెచ్చి, పక్కవాటుగా, ముందు చక్రం గడపకు ఆనేలా నిలిపాడు. తనే బిగిస్తానని నోరు తెరిచినవాడు ఈదమ్మ చూసిన చూపుకు మూసుకుని, మొహం రోడ్డు వైపు తిప్పుకుని నిలబడ్డాడు. మున్నీబీ దుపట్టా తలమీదికి లాక్కుని గడప లోపలే నిలబడి పానా పెట్టింది. ఒక నట్టు, తర్వాత దాని ఎదురుది. ముప్పై ఏళ్లు గడపలోంచి చూసిన పని. చేతులకు బలం చాలకపోతే పాదంతో తొక్కింది. మూడో నట్టు కిర్రుమని పావు చుట్టు తిరిగింది.

"వదులైనయి" అంది. "ఆయన చెప్పిండు."

బండి కొంచెం ముందుకు జరిగితే వెనక చక్రం గడప కాడికి వచ్చింది. రోడ్డెక్కి మళ్లుకుని రెండో పక్క గడప వైపు ఉండేలా తిరిగి వచ్చాక మిగతా రెండు చక్రాలూ అట్లే బిగించింది. గల్లీలో మగ్గాల చప్పుడు లేదు. ఆడబిడ్డ మొదట గొణిగింది. నాలుగో చక్రానికి మున్నీబీ నడుము పట్టుకుని, పడకుండా కాసింది.

"ఇగ పోండి. మిషన్ టైమైతది" అంది మున్నీబీ. ఈదమ్మ సూదుల మచ్చలున్న చేతిని గడప మీదుగా చాచి ఆమె చెంప నిమిరి, బండెక్కింది.

ఆ సాయంత్రం అలవాటు కొద్దీ పానా చేతికి తీసుకుని మున్నీబీ ఇల్లంతా చూసింది. జొన్నల డబ్బా, ట్రంకుపెట్టె, పరదాల మూట. తర్వాత వచ్చి, గడప లోపల నిలబడే చెయ్యి చాచి, షెడ్డు వైపున ద్వారబంధానికి ఆనించింది. వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేలా ఆ వీల్‌పానా అక్కడే నిలబడి ఉంది.