మాటలెవరివి

"ఏమేవ్, ఇందాక అన్నావే, అదే ఇంకోసారి అను," అంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చి ఫోనులో రికార్డింగు నొక్కి ఆమె మూతి దగ్గర పెట్టాడు మొగుడు. చేతులకి సబ్బు నురగ, సింకు నిండా గిన్నెలు. ఏమందో ఆమెకే గుర్తులేదు. అంట్లు తోముతూ అనుకునే మాటలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు గనక!

ఆయన గుర్తుపెట్టుకుంటాడు. టీవీలో వారం వారం వచ్చే ఆయన బొమ్మల సీరియల్ పుట్టిందే అలా. బొమ్మలేసే ఉద్యోగం ఊడి ఆయన ఇంట్లో కూర్చున్న రోజుల్లో, "కూరలో ఉప్పెవరేశారు?" అని అత్తగారు గయ్యిమంటే, "తిట్టాలంటే నేనేశానత్తయ్యా, మెచ్చుకోవాలంటే మీ అబ్బాయి," అందామె. ఆయన పడీ పడీ నవ్వి, అమ్మ, నాన్న, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు అని ఓ కుటుంబాన్ని గీసిపారేశాడు. అమ్మ బొమ్మకి గొంతు ఆమెదే. "ఎవరో ఒకరు దొరికేదాకా," అన్నాడు. ఎవరూ దొరకలేదు, వెతికితేగా! చూస్తుండగానే సీరియల్ ఊరంతా పాకింది. బస్సులో పక్క సీటావిడ ఆ ఉప్పు మాటని తోటికోడలికి అప్పజెప్తుంటే, అది నాదమ్మా అని అరవాలనిపించి, నాలిక కరుచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ప్రతి వారం తెర మీద 'మాటలు' అని పడి, దాని కింద పడేది ఆయన పేరు మరి.

అడిగింది, అడక్కపోలేదు. "మాట్లాడినవాళ్ళందరూ రచయితలైపోతారటే?" అన్నాడాయన. "మొగుడికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదూ?" అంది అత్తగారు. పైగా మొన్న పేపర్లో, "మా ఆవిడకి జోకులు ఎక్కవండీ, పాపం," అని ఆయన చెప్పింది చదివి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఇవాళ స్టూడియోలో మైకు ముందు నిలబడి కాగితాలు తిరగేసింది. నాన్నకి పేజీలకి పేజీలు. అమ్మ వంతు వచ్చిన చోటల్లా ఎప్పటిలాగే ఒకటే ముక్క. ఇన్నాళ్ళూ ఆ ఖాళీని అప్పటికప్పుడు నింపింది ఆమే. అద్దం అవతల ఆయన, పక్కన చానెల్ పెద్దలు, అందరూ నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నారు. రాసింది రాసినట్టు చదివింది.

"అమ్మ ఏదో అంటుంది."

సౌండు చూసే అమ్మాయి కిసుక్కుమంది. "ఏమిటే ఇది? ఏదో ఒకటి అను!" అన్నాడాయన, నవ్వు తెచ్చిపెట్టుకుని. ఆమె పేజీ తిప్పింది.

"అమ్మ మళ్ళీ ఏదో అంటుంది."

"అది కాదే, నీ మాటలు చెప్పు, నీ మాటలు!" ఆయన అరుపు స్పీకర్లో గదంతా మోగింది. చానెల్ పెద్దలు ఆయన వంక తిరిగారు.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"నా మాటలని ఇప్పుడన్నారే, ఆ ముక్కే తెర మీద వేయించండి. అప్పుడు చెప్తాను."