బెరిల్ సొంత గొంతు

బెరిల్ ఇంకా వేదిక ఎక్కనే లేదు, హాల్లో ఎత్తిపొడుపులు మొదలయ్యాయి.

"అత్తను వానలో గెంటేసి పాటలకొచ్చావటే! సిగ్గులేదూ?" ముందు బల్ల దగ్గర ఒక ముసలావిడ బీరు గ్లాసు ఊపుతూ అరిచింది.

తెర పక్కన నిలబడ్డ హిల్డాకు ఒళ్ళు మండింది. అత్తను గెంటింది ఐవీ. ఐవీ అంటే టీవీ సీరియల్లో తన చెల్లెలు బెరిల్ వేసే గయ్యాళి వేషం. ఆ మాట ఇంగ్లండులోని ఈ రోచ్‌డేల్ ఊళ్ళో ఎవరికి చెప్పి ఒప్పించగలదు? పోయిన వారం కూరగాయల కొట్టతను బెరిల్‌కు బంగాళాదుంపలు అమ్మనన్నాడు.

బెరిల్‌కు నటన కంటే పాటే ప్రాణం. నూలు మిల్లులో పనిచేసే రోజుల్లో మగ్గాల మోతను మించి పాడేది. ఈ వసంతంలో ఒక కంపెనీ ఆమె చేత పాప్ రికార్డు చేయించింది. బాగా అమ్ముడుపోయింది. పత్రికలు మాత్రం, జనం కొన్నది ఐవీ మొహాన్ని, గొంతు యంత్రాలదేనని రాశాయి. టీవీ పాటల కార్యక్రమంలో అక్కడి పద్ధతి ప్రకారం రికార్డు మోగుతుంటే ఆమె పెదాలు కదిపి వచ్చింది. అప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు. ఒక్కసారి జనం ఎదుట నిలబడి పాడి, గొంతు తనదేనని తేల్చుకోవాలని, తనే అడిగి ఈ కార్మికుల క్లబ్బుకు వచ్చింది.

తీరా చూస్తే, పాడేటప్పుడు వెనక మోగించడానికని కంపెనీ వాళ్ళు పంపిన టేపులో వాయిద్యాలతో పాటు ఆమె గొంతు కూడా ఉంది.

"పెదాలు కదిపెయ్యవే, ఎవరు కనిపెడతారు?" అంది హిల్డా.

"నేను కనిపెడతాను తల్లీ," అన్నాడు క్లబ్బు కార్యదర్శి బారక్లో. బెరిల్ వైపు తిరిగాడు. "ఆ వేషాలు టీవీలో వేసుకోండి. ఇక్కడ మా క్లిఫర్డ్ ఆర్గాన్ వాయిస్తాడు, నువ్వు పాడతావు. లేదా ఇంటికెళతావు."

క్లిఫర్డ్ ఆ పాట రేడియోలో విన్నాడట. రికార్డులో ఉన్న శ్రుతే ఎత్తుకున్నాడు. బెరిల్ తల అడ్డంగా ఊపింది.

"అంత పైకి పోలేను బాబూ. పడుచుపిల్లలా వినబడాలని వాళ్ళు టేపు వేగం పెంచి శ్రుతి పైకి లేపేశారు. ఇంకా దించు. ఇంకా. ఆఁ, అక్కడ."

"అంత కిందా? నిన్ను మగాడనుకుంటారే!" అంది హిల్డా.

"అనుకోనీ అక్కా. నేను పాడింది అక్కడే."

దీపం వెలుగులోకి ఆమె రాగానే హాలంతా ఈలలు. "నోరు మూసుకో ఐవీ!" అని ఎవరో కేకేశారు.

"ఐవీని ఇంట్లో పెట్టి తాళం వేసొచ్చాను. మీకంటే నాకే దాంతో ఎక్కువ బాధ," అంది బెరిల్.

కొందరు నవ్వారు. ఆ నవ్వు మీదే పాట ఎత్తుకుంది. మొదటి మాట వణికింది. హిల్డా కళ్ళు మూసుకుంది. రెండో చరణానికి వణుకు పోయింది. రికార్డులో గలగలా పరుగెత్తే పాట ఇప్పుడు అలసిపోయి పనినుంచి ఇంటికి నడిచే మనిషిలా నెమ్మదిగా, బరువుగా వచ్చింది. కంపెనీ వాళ్ళు దాచేసిన గొంతు ఇదే. యాభై దాటిన గొంతు, కాస్త బొంగురు, ఎక్కడా తొట్రుపాటు లేదు. హిల్డా కళ్ళు తెరిచేసరికి బల్లల దగ్గర గ్లాసుల చప్పుడు లేదు.

పాట అయిపోయింది. చప్పట్లింకా మోగుతుండగానే బారక్లో అంకెల బంతుల పెట్టె మోసుకుంటూ వచ్చాడు. అది బింగో అనే అంకెల ఆట వేళ. ఆ క్లబ్బులో ఎవరి కోసమూ, చావు కబురు వచ్చినా సరే, బింగో ఆగదు.

"ఆ పెట్టె దించవయ్యా!" అని వెనక బల్లల నుంచి ఒకడు అరిచాడు. "ఆవిణ్ణి ఇంకోటి పాడనీ!"

"అవును, దించు!" అని నలుగురూ అందుకున్నారు.

బారక్లో గడియారం చూశాడు, జనాన్ని చూశాడు. పెట్టె నేలమీద పెట్టి దానిమీద కూర్చున్నాడు.

"ఊఁ, కానీ అమ్మాయ్," అన్నాడు.

బెరిల్ క్లిఫర్డ్ వైపు వంగి, తనకు ఇంకే పాటలు వచ్చో చెప్పడం మొదలుపెట్టింది.