నల్లగదిలో తెల్లచొక్కా

ఆ ఇంట్లో మొగుడికి తెలుపు పిచ్చి, పెళ్లానికి నలుపు పిచ్చి. ఆయనకి లాండ్రీ ఉంది. హోటళ్ల దుప్పట్లు మూటలు మూటలుగా వచ్చి పడతాయి. అవి తళతళలాడేదాకా ఆయనకి అన్నం సయించదు. ఆవిడ భౌతిక శాస్త్రవేత్త. ఉపగ్రహాల రెక్కల మీద అమర్చే సౌరఫలకాలు తయారుచేస్తుంది. వాటిని పరీక్షించే గదిలో తెల్లటిదేదైనా కంటపడిందంటే ఆవిడకి ఒళ్లు మండిపోతుంది.

ఆ మంటకి కారణం లేకపోలేదు. ఆ గదిలో అచ్చం సూర్యుడిలా వెలిగే దీపం ఒకటుంది. దాని ఎదురుగా ఫలకాన్ని అంచులు పట్టి నిలబెట్టి, పడిన వెలుతురులో ఎంత శాతం కరెంటుగా మారిందో చూస్తారు. గోడ మీంచో బట్టల మీంచో కాస్త వెలుతురు తిరిగొచ్చి తగిలిందా, లెక్క తలకిందులే. అందుకే గోడలు నలుపు, నేల నలుపు, ఆఖరికి తలుపు గొళ్లెం కూడా నలుపు. లోపలికి ఎవరొచ్చినా గుమ్మం పక్కన వేలాడే నల్లకోటు తొడుక్కోవాల్సిందే. ఆ రూలు పెట్టింది ఆవిడే. తెల్లసాక్సులతో వచ్చిన ఒక పెద్దమనిషిని మొహమాటం లేకుండా వెనక్కి పంపేసింది కూడా. చాటుగా అందరూ ఆవిణ్ణి నల్లకోటు మేడమ్ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, లోలోపల మురిసిపోతుంది కూడా.

మురిసిపోవడానికి ఆ ఉద్యోగంలో ఇంకేం మిగిలింది గనక! ఆవిడ చేసిన మొదటి ఫలకం రాకెట్‌తో సహా సముద్రంలో పడింది. రెండోది ఎక్కాల్సిన ఉపగ్రహాన్నే రద్దు చేశారు. ఆ తర్వాత ఆవిణ్ణి ఇంధన విభాగానికి మార్చి, ఇళ్ల కప్పుల మీద పెట్టే ఫలకాల పని అప్పగించారు. అదేం తక్కువ పని కాదు, ఆవిడ పుణ్యమా అని ఎన్ని ఇళ్లలో ఫ్యాన్లు తిరిగాయో! అయినా తన చేత్తో చేసింది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, పైకెళ్లి పనిచెయ్యాలని ఆవిడ ప్రాణం కొట్టుకునేది. పోరి పోరి పాత విభాగానికి తిరిగొచ్చి మూడోది మొదలుపెట్టింది. బరువు తగ్గించడానికి వెనకవైపు ఉండే లోహపు పూత తీసేసి, సన్నటి గీతలు మాత్రం ఉంచింది. ముప్పై శాతం దాటితే ఉపగ్రహం ఎక్కుతుంది. దాటకపోతే ఫైలు మూసేస్తారు. రిటైర్మెంటు దగ్గరపడింది, నాలుగోదానికి టైము లేదు.

పరీక్ష రోజు డైరెక్టరు ఆలస్యంగా వచ్చాడు. ఒకప్పుడు ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాడే. నలుగురిలో మేడమ్ అంటాడు, పక్కన ఎవరూ లేకపోతే అక్కా అంటాడు. ఆ రోజు ఎక్కడో ఫొటోలు దిగి, ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో సరాసరి లోపలికొచ్చేశాడు. కోటు వేసుకోండి సార్ అనే ధైర్యం ఎవరికుంటుంది? ఆవిడ కళ్లేమో మీటరుకే అతుక్కుపోయి ఉన్నాయి. దీపం వెలిగింది. ఆయన ఫలకం వెనక్కెళ్లి తొంగిచూస్తూ నిలబడ్డాడు.

ముప్పై పాయింట్ నాలుగు.

చప్పట్లు మోగాయి. ఇన్నేళ్ల కల! ఆవిడ నవ్వుతూ తలెత్తింది, చొక్కా కనిపించింది.

ఒక్క క్షణం ఆవిడకి గుడ్డిదాన్నైపోతే బావుణ్ణనిపించింది.

"సార్, మీరు కాస్త బయటికెళ్లండి," అంది.

ఆయన వెళ్లాడు. మళ్లీ కొలిచారు. ఇరవై తొమ్మిది పాయింట్ ఆరు.

వరండాలో ఆయన తల పట్టుకున్నాడు. "అక్కా, నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది?"

"పైకెళ్లాక నీ చొక్కా ఉండదుగా నాయనా."

"సోమవారం కమిటీ ఉంది. ఇంక నేనేం చెయ్యలేను."

"తెలుసు," అని ఇంటికొచ్చేసింది. ఆ సాయంత్రం బాత్రూములో కుళాయి తిప్పుకుని తనివితీరా ఏడ్చింది.

ఆదివారం పొద్దున డాబా మీద ఎండకి ఎదురుగా కూర్చుని, పేపరు మొహానికి అడ్డంగా ఎత్తిపట్టుకుంది. ఒక్క ముక్క చదవట్లేదు, మొగుడితో మాట్లాడకుండా ఉండటానికి అదో సాకు. పైగా ఆవిడ వైపు పేజీ నీడలో ఉండి అక్షరాలు మసగ్గా ఉన్నాయి. ఆయన ఆవిడ వీపు వెనక తీగకి తడి దుప్పటి ఒకటి దులిపి ఆరేశాడు. అక్షరాలు ఒక్కసారిగా తేటపడ్డాయి.

ఆవిడ పేపరు దించింది. వెనక్కి తిరిగి దుప్పటిని చూసింది. మళ్లీ పేపరెత్తింది.

"అది తియ్యండి!"

తీశాడు. మసక.

"మళ్లీ వెయ్యండి!"

వేశాడు. వెలుతురు.

"ఏమైందే నీకు? నిన్నట్నుంచీ అదోలా ఉన్నావు," అన్నాడాయన.

"మబ్బులండీ! ఫలకం మొహం ఎండకి పెడితే, పూత తీసేసిన వీపు కిందనున్న మబ్బులకే కదా! అంత తెలుపు పెట్టుకుని, మేం చుట్టూ నలుపు పూసుకుని కూర్చున్నాం!"

ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. పెళ్లాం మొహంలోకి కళ వచ్చింది, ఆయనకది చాలు. కానీ ఆవిడ దుప్పటి లాగి చంకలో పెట్టుకునేసరికి కంగారుపడ్డాడు. "ఓసి నీ దుంపతెగ, అది హోటలు వాళ్లదే!"

సోమవారం నల్లకోటు మేడమ్ నల్లగదిలోకి దుప్పటితో వచ్చింది. జూనియర్లు మొహమొహాలు చూసుకున్నారు. ఆవిడ ఫలకం వెనక దుప్పటి కట్టించింది, మబ్బుల నుంచి ఎంత వెలుతురొస్తుందో లెక్కగట్టి అంతే పడేలా దాన్ని ముందుకీ వెనక్కీ జరిపించింది. ముప్పై దాటింది. ఈసారి చప్పట్లు లేవు, పెద్ద వాదనే జరిగింది. అద్దె దుప్పటితో అంతరిక్షమా అని కమిటీలో ఒకాయన ఎగతాళి చేశాడు. ఆవిడ గొంతు పోయేదాకా పోట్లాడింది. చివరికి దారికొచ్చారు. మామూలుగా ఫలకం వెనక బిగించే పలక తీసేసి, వలలాంటి చట్రంలో అమర్చడానికి ఒప్పుకున్నారు.

ఉపగ్రహం ఎగిరేసరికి ఆవిడ రిటైరై, లాండ్రీలో మొగుడికి ఎదురుగా నిలబడి దుప్పట్లు మడతపెడుతోంది. ఫోను మోగింది.

"అక్కా, మబ్బుల మీదికి వెళ్లినప్పుడల్లా కరెంటు పెరుగుతోంది!"

దుప్పటి కొస ఆవిడ చేతిలోంచి జారిపోయింది.

"నాకో సంగతి తెలిసొచ్చింది," అన్నాడు డైరెక్టరు. గొంతు తగ్గించాడు. "ఆ రోజు నువ్వు ఊరుకుని ఉంటే పాస్ చేసేసేవాళ్లం. ఎప్పట్లాగే వెనక పలక బిగించేసి పంపేవాళ్లం. ఈ వెలుతురు దాని వీపుకి తగిలేదే కాదు."

ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"చూశావురా," అంది. "పైన కూడా నీ చొక్కా ఉంది."