తాడు పాఠం

తరగతులంటే పెద్ద డాక్టరుగారికి ఒళ్లుమంట. పశువైద్యులు ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా సరే, అప్పుడప్పుడూ వెళ్లి కొత్త వైద్యపద్ధతులు నేర్చుకుని సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. లేకపోతే లైసెన్సు పొడిగించరు.

"నేను మొదటి దూడను బయటికి లాగేనాటికి ఈ పాఠాలు చెప్పేవాళ్లు పుట్టనైనా లేదు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే" అని ఆయన సణుగుతూనే ఉన్నారు. కోడలు వినిపించుకోకుండా ఆయన సంచీ సర్ది కారులో పెట్టేసింది. ఆమె కూడా పశువైద్యురాలే. ఇద్దరూ ఒకే ఆసుపత్రి నడుపుతున్నారు, కనుక ఒకరు వెళితే ఒకరు ఉండాలి.

"మీరు వినక్కర్లేదు మామయ్యా. కూర్చుంటే చాలు."

"కూర్చుంటే నిద్రొస్తుందమ్మా."

"పడుకోండి. గురక మాత్రం పెట్టకండి."

ఆయన వెళ్లి చివరి వరసలో, టీ ఫ్లాస్కు చేతికందేచోట కూర్చున్నారు. తెరమీద బొమ్మలు మారుతున్నాయి, ఈయన కళ్లు మూతలు పడుతున్నాయి. ఆఖరిరోజు భోజనాలయ్యాక ఒక అమ్మాయి గుర్రప్పిల్లల గురించి చెప్పడం మొదలుపెట్టింది. పుట్టీ పుట్టగానే తల్లిని గుర్తుపట్టని పిల్లలు కొన్ని ఉంటాయట. వాటి ఛాతీకి మెత్తటి తాడు చుట్టి, ఇరవై నిమిషాలు నిదానంగా బిగించి పట్టుకుంటే బాగుపడతాయట.

పెద్ద డాక్టరుగారి నిద్ర ఎగిరిపోయింది. "అమ్మాయ్, తాడు కడితే జబ్బు పోయేటట్టయితే మేమంతా ఇన్నేళ్లూ మందులెందుకు వాడాం? పనిలోపని తాయెత్తు కూడా కట్టేయమంటావా?"

హాలంతా గొల్లుమంది. ఆ అమ్మాయి మాత్రం కోప్పడలేదు. "రండి సార్. ఇవాళ మీరే నా గుర్రప్పిల్ల" అంది.

వెళ్లకపోతే పరువు పోతుందని వెళ్లారు. ఆమె ఆయన మెడచుట్టూ ఒక ఉచ్చు వేసి, తాడును చంకకిందుగా తెచ్చి, ఛాతీమీద ఒక చుట్టు, దానికి కొంచెం దిగువన మరో చుట్టు వేసి, సమంగా లాగి పట్టుకుంది. డాక్టరుగారు ఇంకో జోకు సిద్ధం చేసుకుంటున్నారు. అది నోటిదాకా రాకముందే కళ్లు మూతపడ్డాయి. తన గురకకు తనే ఉలిక్కిపడి లేచేసరికి హాలు హాలంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. భోజనం ప్రభావమని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఆయన ఇల్లు చేరకముందే 'తాడు డాక్టరు' అన్న పేరు ఇల్లు చేరింది.

కొన్నాళ్లకు ఒక ఉదయం గుర్రాలమ్మ ఫోను చేసింది. పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పే బడి ఆమెది. అందుకని అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. మామాకోడళ్లిద్దరూ ఆసుపత్రికి తాళం వేసి పరుగున వెళ్లారు.

ముందురోజు సాయంత్రం పుట్టిన పిల్ల అది. నిలబడగలుగుతోంది. కానీ తల్లివైపు చూడదు. గోడ నాకుతోంది, మూలకు వెళ్లి తల ఆనిస్తోంది. డాక్టరుగారు నోట్లో వేలుపెట్టి చూశారు. చీకలేదు. ఇలాంటివాటికి ఆయన 'గోడపిల్లలు' అని పేరు పెట్టుకున్నారు. ఇదివరకు వాటికి గొట్టంతో పాలు పట్టారు, సెలైన్లు ఎక్కించారు, అయినా చాలావాటిని దక్కించుకోలేకపోయారు.

తల్లి ముసలి గుర్రం. పిల్లను ముట్టెతో తడుముతుంది, బదులు రాక వెనక్కి వస్తుంది, మళ్లీ వెళుతుంది.

"దీనికిదే ఆఖరి ఈత డాక్టరుగారూ" అంది గుర్రాలమ్మ. "నా బడి పిల్లలందరూ దీని వీపుమీదే స్వారీ నేర్చుకున్నారు. దీన్ని ఉత్తచేతుల్తో ఉంచకండి."

"ఈత కష్టమైందా?"

"అయ్యో, కష్టం కూడానా! బకెట్టు పెట్టి ఇటు తిరిగేలోపు జారిపడింది."

డాక్టరుగారు ఆగిపోయారు. నిద్రమత్తులో విన్న మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే పైకి తేలాయి. కడుపులో పిల్ల పరుగులు తీయకుండా దాని ఒళ్లే దాన్ని మత్తులో ఉంచుతుందట. ఇరుకుదారిలో పడే నొక్కుడే 'ఇక లే' అన్న కబురట. మరీ తొందరగా జారిపోయిన పిల్లలకు ఆ కబురు అందదట.

"మెత్తటి తాడుందా?" అన్నారు.

కోడలు కళ్లు పెద్దవి చేసింది. "మీరు నవ్విన తాడేనా? నేనెప్పుడూ చూడలేదు మామయ్యా. మీకు కట్టడం వచ్చా?"

రాదనే అనబోయారు. తెరమీది బొమ్మ ఒక్కటైనా చూసుంటే కదా! అప్రయత్నంగా చెయ్యి తన మెడమీదికి, అక్కణ్ణుంచి ఛాతీమీదికి పోయింది. ఇక్కడ ఉచ్చు. ఇక్కడ మొదటి చుట్టు. దీనికి దిగువన రెండోది. పక్కటెముకలకు అంతా జ్ఞాపకముంది.

ముందు పిల్ల పక్కటెముకలు తడిమి, ఏదీ విరగలేదని చూసుకున్నారు. తాడు చుట్టి, నెమ్మదిగా బిగించారు. పిల్ల మోకాళ్లు మడిచి గడ్డిమీద ఒరిగిపోయింది. కళ్లు మూసుకుంది.

"పోయిందా?" గుర్రాలమ్మ కెవ్వుమంది.

"లేదమ్మా, నిద్రపోయింది" అంది కోడలు, స్టెతస్కోపు ఆనించి. "ఊపిరి నిదానంగా, ఎంత హాయిగా ఉందో!"

డాక్టరుగారు తాడు సడలనివ్వలేదు. చేతులు లాగేస్తున్నాయి. ఎన్ని ఈతల్లో చేతులు పెట్టారో ఆయనకే లెక్కలేదు. ఆ ఇరుకుదారిని ఎప్పుడూ ఒక అడ్డంకిగానే చూశారు, తిట్టుకున్నారు కూడా. అది బిడ్డతో మాట్లాడుతుందని ఒక్కనాడైనా తోచలేదు.

ఇరవై నిమిషాలయ్యాక తాడు వదిలారు.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఒక చెవి కదిలింది. పిల్ల తలెత్తి, మొదటిసారి, చూసింది. సన్నగా సకిలించింది. తల్లి గుండెలోంచి గుర్రుమని బదులిచ్చింది. పిల్ల తూలుతూ లేచి, గోడను దాటి, తల్లి ముందుకాళ్ల మధ్య వెతికి, కాదని తెలుసుకుని, వెనక్కి వెళ్లి పొదుగు పట్టుకుంది. చప్పరింత వినిపించింది.

డాక్టరుగారు కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. మళ్లీ మసకబారాయి.

"నవ్విన నాపచేనే పండింది మామయ్యా" అంది కోడలు. ఆటపట్టించాలనే అంది గాని, తాడును మాత్రం జాగ్రత్తగా చుట్టి పక్కన పెట్టింది.

"మళ్లీ తరగతులెప్పుడో కనుక్కోమ్మా" అన్నారు ఆయన. "ఈసారి ముందు వరసలో కూర్చుంటాను."

గుర్రాలమ్మ కళ్లొత్తుకుని తలుపుకున్న నల్లబల్ల దగ్గరికి వెళ్లింది. పిల్ల పుట్టగానే సంబరంగా రాసిన తేదీ దానిమీద ఉంది. "బతుకుతుందో లేదోనని పొద్దున దీన్ని చెరిపేయబోయాను డాక్టరుగారూ. ఇక ఉంచేయనా?"

"చెరిపేయండి" అన్నారు డాక్టరుగారు. "నిన్న బయటపడిందంతే. పుట్టింది ఇవాళ."

ఆమె అరచేత్తో నిన్నటి తేదీ తుడిచి, సుద్దముక్క ఆయన చేతికిచ్చింది.