గాలి సమాధి

ఉదయం తొమ్మిదికే ఇసుక కాళ్లు కాలుస్తోంది. పదకొండో సమాధి తవ్వడం అయిపోవచ్చింది. ఎముకలకు ఎండ తగలకూడదని నలుగురు మనుషులు నీలం టార్పాలిన్ ఎత్తి పట్టుకున్నారు. ఇంకొకడు వాటిని సారాతో కడిగి మట్టిపెట్టెలో సర్దుతున్నాడు. గంటకు మూడువందల యాభై కిలోమీటర్లు పరిగెత్తే రైలు ఈ దిబ్బ మీదుగానే పోతుందట. చచ్చినవాళ్లు మాత్రం కొత్త శ్మశానానికి మనుషుల భుజాల మీద పోవాల్సిందే.

పన్నెండోది థోవా భర్త కియెన్‌ది. పంతొమ్మిదేళ్ల కిందట తుఫానులో పడవతోపాటు పోయాడు, శవం దొరకలేదు. సముద్రం మింగినవాళ్లందరికీ చేసినట్టే బంకమట్టితో బొమ్మ చేయించి, ఎముకలకు బదులు మల్బరీ పుల్లలు గుచ్చి, పేరు పెట్టి పిలిచి పాతిపెట్టారు. దాన్ని గాలి సమాధి అంటారు. ఏటా థోవా అక్కడ కలుపు పీకి, అన్నం పెట్టి, ఊరి సంగతులన్నీ చెబుతుంది. బతికున్నప్పుడు ఆ మనిషి ఇంత ఓపిగ్గా విన్న పాపాన పోలేదు.

భూసేకరణ ఆఫీసు కుర్రాడు డాట్ కాగితం చాపాడు.

"ఎముకలుంటేనే కొత్త శ్మశానంలో చోటక్కా. ఇందులో లేవుగా. ఖాళీ అని రాశాను, వేలిముద్ర వెయ్యి."

"ఖాళీ ఏంటి బాబూ, ఆయనున్నాడు."

"నీ మంచికే చెప్తున్నా. రైలొస్తే స్టేషనొస్తుంది, దాని వెనకాల ఫ్యాక్టరీలొస్తాయి. మీ అమ్మాయి సైగాన్‌లో బూట్లు కుట్టుకుంటూ ఎందుకుండాలి? ఇక్కడే పని దొరుకుద్ది."

అబద్ధం కాదని థోవాకి తెలుసు. ఊళ్లో వేరే పని లేకే కదా కియెన్ తుఫాను కబురు విని కూడా పడవెక్కింది. ఆ రైలేదో ఇరవై ఏళ్ల ముందే వచ్చుంటే ఈ బొమ్మ అవసరమే ఉండేది కాదు. కూతురి జీతం నెలకు డెబ్భై లక్షల డాంగ్‌లు. లక్షలని మురవడానికేం లేదు, గది అద్దె, తిండి పోతే చేతిలో మిగిలేది బస్సు టిక్కెట్టుకు కూడా చాలదు. రెండేళ్లుగా పిల్ల ఇంటికి రాలేదు. రైలు రావాలి. రావాలనుకున్నకొద్దీ థోవాకి ఆ కాగితం మీద మంట పెరుగుతోంది.

పక్కింటి ముసలి బావు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పిచ్చిమొహమా, నాలుగు పంది ఎముకలు పడేద్దాం. ఈ పిల్లోడికి పందేదో మనిషేదో ఏం తెలుసు?"

"ఏటా ఆ పందికి దణ్ణం పెట్టమంటావా మావా?"

"పెడితే ఏం పోయింది? మా తమ్ముడికి నిన్న అదే చేశా." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. తల వంచుకుని పక్కకు పోయాడు.

కూలీలు పార వేశారు. రెండడుగుల లోతులో బొమ్మ బయటపడింది. పైకి తీసేటప్పుడు కుడిచెయ్యి విరిగి రాలింది. డాట్ కాగితంలో 'మట్టి' అని రాసుకుని సిరాపెట్టె ముందు పెట్టాడు.

థోవా చేతులు చంకల్లో దోపుకుంది.

"వెయ్యను. రైలు వద్దని అనట్లేదు బాబూ. ఈయన లేడని మాత్రం నా చేత్తో ఒప్పించకు."

"నువ్వు వెయ్యకపోయినా మధ్యాహ్నానికి మిషనొస్తుందక్కా," అన్నాడు డాట్. అతని గొంతులో కోపం లేదు.

"రానీ."

కూలీలు పదమూడోదాని దగ్గరికి జరిగారు. థోవా గుంట ఒడ్డున కూర్చుని బొమ్మను ఒళ్లో పెట్టుకుంది. తాగే నీళ్లు కాసిని పోసి మట్టి తడిపి, విరిగిన చేతిని భుజానికి నొక్కి పట్టుకుంది. వదలగానే రాలిపోయింది. మళ్లీ తడిపింది.