రొట్టెపిండిలో కాకరపొడి

రెండు వీధుల అవతల కడుతున్న మేడ మీది క్రేన్ ఆమె కుట్టుమిషన్ దగ్గరి కిటికీలోంచి కనిపిస్తుంది. దాన్ని నడిపేది ఆమె భర్తే.

పొద్దుట్నుంచి పని సాగడం లేదు. ఒకే కాలర్ రెండుసార్లు విప్పింది. అతని చొక్కా ఉతకబోతే జేబులో షుగరు మాత్రల అట్ట దొరికింది. పది రోజులు రావలసింది ఐదు రోజులకే ఖాళీ. సోమవారం కంపెనీలో వైద్యపరీక్ష. షుగరు ఎక్కువుంటే క్రేన్ మీంచి దింపి గేటు దగ్గర కూర్చోబెడతారు. ఆ భయంతో రోజుకు రెండేసి మింగుతున్నాడన్నమాట.

అతనికి తెలియంది ఇంకొకటుంది. ఆ పరీక్ష కోసమే మూడు వారాలుగా ఆమె రొట్టెపిండిలో కాకరపొడి, మెంతిపొడి కలుపుతోంది. చెబితే ముట్టడని చెప్పలేదు. నిన్న సాయంత్రం అతని చేతులు వణికి చెమటకి చొక్కా తడిసిపోతే, పరీక్ష బెంగ అనుకుంది.

పొడి ఇచ్చిన ఆడపడుచుకు ఫోన్ చేసింది.

"నీ పొడి నిజంగా షుగరు దింపుతుందా?"

"దింపకపోతే ఇస్తానా వదినా? నా మాట మీద నీకెప్పుడు నమ్మకం గనక."

"మాత్రలు రెట్టింపు వేసుకుని, ఇదీ తింటే?"

"అన్నయ్య ఎక్కడున్నాడిప్పుడు?"

కిటికీలోంచి చూసింది. ఇనుపకడ్డీల మోపుతో క్రేన్ చెయ్యి గాల్లో ఆగి ఉంది. ఎప్పుడు ఆగిందో.

పైకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. మేస్త్రీ నంబరుంది. ఆయనకు చెబితే అతని సీటు పోయినట్టే. నొక్కబోయి ఆగింది. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగి వచ్చి, నొక్కింది.

"ఏమ్మా, భోజనం డబ్బా మర్చిపోయాడా?"

"ఆయనకి షుగరు పడిపోతున్నట్టుందండీ. ఎవరన్నా పంచదార పట్టుకుని పైకెళ్లండి."

"నీకెలా తెలుసు?"

"సగం ఆయన చేసుకున్నది, సగం నేను చేసింది. ముందు వెళ్లండి."

"ఇందాకట్నుంచి వాకీటాకీలో మాట తడబడుతోంది. నిద్రమత్తనుకున్నాను," అంటూనే పెట్టేశాడు.

క్రేన్ స్తంభం మీద రెండు చీమలు పైకి పాకాయి. ఆమె కిటికీ ఊచలు వదల్లేదు. చాలాసేపటికి మూడు చీమలు దిగాయి.

ఫోన్ మోగింది.

"అందరికీ చాటింపు వేశావుగా." గొంతు నీరసంగా ఉంది. నోట్లో ఏదో చప్పరిస్తున్నాడు.

"మీరు నాతో చెప్పారా?"

"చెబితే తిడతావని."

"నేను చెబితే తినరని."

"ఇంక గేటు దగ్గరే నా ఉద్యోగం," అన్నాడు.

"సరే. అక్కడ కూర్చుంటే పడరు," అంది ఆమె. ఫోన్ పెట్టేశాక మిషన్ ముందు కూర్చుని, రెండుసార్లు విప్పిన కాలర్ మూడోసారి కుట్టడం మొదలుపెట్టింది.