ఆరడుగుల నొగ

చిట్టమూరులో సిలార్ వెల్డింగు కొట్టు ముందు కామాక్షికీ, కొడుకు పెంచల్‌కూ మాటామాటా పెరిగింది. రొయ్యల గుంటలకు మేత మోయడానికి కొన్న ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే ఇనుప నొగ ఎంత పొడవుండాలన్నదే తగువు.

"నాలుగడుగులు చాలన్నా," అన్నాడు పెంచల్. "గుంట కట్టలు సందు మాదిరి ఉండాయి. నొగ పొడుగైతే మలుపులో ట్రాలీ చక్రం లోపలికి కోసుకుంటది."

"పొట్టిదైతే ట్రాలీ మూల వచ్చి ట్రాక్టరు టైరును తన్నదా? మీ నాయన నడుము అట్టనే గదరా విరిగింది! ఆరడుగులు పెట్టు సిలారన్నా."

"తోలేది నువ్వా నేనా మా?"

"తోలేది నువ్వే. ఏడ్చేది నేను."

పెంచల్ టీకి వెళ్లగానే ఆమె సిలార్ కాళ్లమీద పడినంత పని చేసింది. అతను కాదనలేక ఆరడుగులే అతికాడు. పని మొదలుపెట్టే రోజు కావడంతో పెంచల్ పళ్లు నూరుకుంటూ దాన్నే తగిలించుకుపోయాడు.

మూడోరోజు కట్ట మూల తిరుగుతుండగా లోపలి చక్రం జారి, ట్రాలీ మేత బస్తాలతో సహా గుంటలో పడింది. పెంచల్ దూకి బతికాడు. గుంటల యజమాని ఆ పూటే మేత మోతకు వేరే బండిని పిలిచాడు.

కామాక్షి పరుగున వచ్చి కొడుకు ఒళ్లంతా తడిమింది. "పొట్టిదైతే ఏమైపోయేవాడివో నాయనా!"

"ఇంకా అదే మాటా మా?" అంటూ పెంచల్ ఆమె చేతులు తోసేశాడు.

మర్నాడు తనే వెళ్లి నొగలో రెండడుగులు కోయించి, ఆ ముక్కను వాకిట్లో పడేశాడు. కామాక్షి దాన్ని తీసి గోడకు ఆనించింది. కొడుక్కి తన భయం చెప్పుకునే దారి కూడా ఆమెకిక లేదు.